ఆముదం రాసిన పప్పు

ఇంకో బస్తా టెంపోలోకి ఎక్కింది.

దేవిక స్కూటీకి స్టాండు కూడా వేయలేదు. గోడకు ఆనించి పరుగున వచ్చింది. వికారాబాద్ నుంచి బంట్వారం దాకా దారి పొడుగునా కూర్చుకుంటూ వచ్చిన మాటలన్నీ ఆ బస్తాను చూడగానే చెదిరిపోయాయి.

"అత్తమ్మా, ఆపు. జర ఆగు."

హన్మమ్మ వెనక్కి తిరగలేదు. పప్పు మిల్లు గుమ్మంలో నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి, హమాలీకి తర్వాతి బస్తా చూపించింది.

"ఎవలి కోసం ఆగాలె? నిన్న ఫోన్ల నువ్వే జెప్పినవ్. మా పప్పుల నూనె ఉన్నదట. కల్తీ అట. కంపెనీ వద్దన్నదట. వద్దన్నోళ్ల కోసం సరుకు ముంగటేసుకొని కూసోవాల్నా?"

"వద్దన్నది శాంపిల్‌ను. సరుకును కాదు."

"రెండూ మా చేతులకెల్లి పోయినయే."

మిల్లు లోపల పప్పు చెరుగుతున్న ఆడవాళ్లు చేటలు ఆపేశారు. ఎవరూ తల ఎత్తలేదు. మూతపడిన బియ్యం మిల్లు షెడ్డును అద్దెకు తీసుకుని, కందులు నానబెట్టడం దగ్గర నుంచి పప్పు పగలగొట్టడం దాకా అన్నీ తామే నేర్చుకున్న సంఘం అది. సంఘానికి అధ్యక్షురాలు హన్మమ్మ. ఆమె కొడుకు దశరథ్‌ను పెళ్లి చేసుకున్న దేవిక పనిచేసేది, ఆ పప్పు కొనాల్సిన కంపెనీలో.

దశరథ్ తెలివైనవాడు. పొద్దున్నే తాండూరు నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో అర్జెంటు పని ఉందని చెప్పి జారుకున్నాడు. ఫోను కూడా ఎత్తడం లేదు.

మిల్లు పక్కనే ఉన్న హన్మమ్మ ఇంటి ముందు మంచం మీద కూర్చుని చాయ్ తాగుతున్నవాడు జంగప్ప. తాండూరు గంజ్‌లో సరుకు కొని అమ్మే అడ్తిదారు. ఈ చుట్టుపక్కల పప్పు ఏళ్ల తరబడి అతని దుకాణం పేరున్న సంచుల్లోకే పోయింది. టెంపో కూడా అతనిదే.

"నాకేం తొందర లేదమ్మా. అత్తాకోడండ్లు తేల్చుకోండ్రి. నా సంచులు ఎప్పటికీ రెడీనే," అన్నాడు తీరిగ్గా.

దేవిక అతని వైపు తిరిగింది. నిన్న రాత్రంతా ఆమెను నిద్రపోనివ్వని ప్రశ్న ఒకటి ఉంది. శాంపిల్ సంచి వికారాబాద్‌కు చేరింది జంగప్ప టెంపోలోనే.

"జంగప్పా, ఆ సంచి దారిల ఎక్కడన్న దించినవా?"

జంగప్ప చాయ్ గ్లాసు కింద పెట్టాడు. నవ్వాడు కానీ కళ్లు నవ్వలేదు. తాను గింజ కొంటాడని, నూనె పోయడని, పోసే ఉద్దేశమే ఉంటే ఇన్నేళ్లలో ఈ ఊరి పప్పు మీద చాలా పోసి ఉండేవాడని చెప్పాడు. "నాకు మీ పప్పు కావాలమ్మా. దాని పేరు చెడితే నాకేం లాభం?"

అది నిజమే. అందుకే దేవికకు భయం వేసింది. బయటివాడు కాకపోతే, లోపలివాళ్లే.

"మరి నూనె ఎవలు రాసిండ్రు?" అని మిల్లు వైపు తిరిగి అడిగింది.

ఒక్క చేట కదల్లేదు. హన్మమ్మ కొంగు బిగించి నడుముకు దోపుకుంది. దేవిక తన వైపు చూడకముందే హమాలీ మీద కేకలేసింది.

*

కొత్త సప్లయర్లను కంపెనీలోకి తీసుకురావడం దేవిక ఉద్యోగం. వినడానికి చిన్న మాట. చేయడానికి మాత్రం, ఒక్కో సెక్షన్‌కు ఒక్కో భయం ఉంటుందని తెలిసి ఉండాలి. కొనే సెక్షన్‌కు సరుకు టైముకు రాదేమోనని భయం. ల్యాబ్‌కు తిన్నవాడు ఫిర్యాదు చేస్తాడేమోనని భయం. అకౌంట్స్‌కు రేపెవరైనా ఇదెందుకు కొన్నారని అడుగుతారేమోనని భయం. ఆ భయాలన్నిటినీ, బయట ఎండలో నిలబడ్డ కొత్త మనుషులనూ ఒకే చాప మీద కూర్చోబెట్టాలి.

నిన్న సాయంత్రం వికారాబాద్ ఆఫీసులో ఆ చాప చిరిగిపోయింది.

ల్యాబ్ చూసే నిరోషా శాంపిల్ పప్పును తెల్ల కాగితం మీద రుద్ది, మరక చూపించింది. కంపెనీ అమ్మేది నూనె తగలని పప్పు. ప్యాకెట్ మీద ఆ మాట అచ్చేసి మరీ అమ్ముతుంది. కొనే సెక్షన్ మేనేజర్ చంద్రకాంత్ ఆ కాగితం చూసి, కంప్యూటర్‌లో మిల్లు పేరు పక్కన "తిరస్కరించాం" అని కొట్టబోయాడు.

దేవిక ఆపింది. దయ చూపమని అడగలేదు. సంఘం అధ్యక్షురాలు తన అత్తగారని ఆమె మొదటి రోజే చెప్పేసింది. ఆ మిల్లుకు మార్కులు వేసే దగ్గర తాను కూర్చోనని కూడా చెప్పింది. కాబట్టి నిన్న ఆమె అడిగింది ఒక్కటే. శాంపిల్ ఎవరో పంపింది కాకుండా, మీ చేత్తో మీరే సరుకులోంచి తీసుకోండి. అది కూడా చెడితే నేనే పేరు కొట్టేస్తాను.

చంద్రకాంత్‌ది తాండూరే. పెద్ద మిల్లుల వాళ్లందరూ తెలుసు. వాళ్లతో తలనొప్పి లేదు. "రేపు తాండూరు పోయే దారిల ఆగుత. ఒక్కసారే," అన్నాడు చివరికి.

ఆ ఒక్కసారి ఈ రోజే. ఆ సరుకేమో టెంపోలోకి ఎక్కుతోంది.

*

"అత్తమ్మా, విను. వాళ్లొచ్చేసరికి ఈడ సరుకు లేకపోతే కంపెనీ మల్ల ఈ గడప తొక్కది. ప్యాకెట్ మీద మన మిల్లు పేరు పడుడు ఇగ ఉండది. మల్ల జంగప్ప సంచులే, జంగప్ప పేరే."

"జంగప్ప నన్ను దొంగ అనలే."

"కంపెనీ గూడ అనలే."

"నూనె రాసిండ్రంటే ఏందే దాని అర్థం? మెరిపిచ్చి అమ్మజూసిండ్రనే కదా." హన్మమ్మ మొదటిసారి కోడలి కళ్లలోకి చూసింది. "ఒక్కసారి చెయ్యి చాపిన. చెయ్యి మీద కొట్టిండ్రు. ఇగ మల్ల చెయ్యి చాప."

హమాలీ చివరి బస్తా ఎత్తాడు. జంగప్ప లేచి భుజం మీద తువ్వాలు దులుపుకున్నాడు. డ్రైవర్ ఇంజిన్ స్టార్ట్ చేశాడు.

టెంపో మాత్రం కదల్లేదు.

ఇంటి వెనక దొడ్డి తలుపు ఎప్పుడు తెరుచుకుందో ఎవరూ చూడలేదు. సందు నిండా గొర్రెలు. టెంపో ముందూ వెనకా, చక్రాల మధ్యా, ఎటు చూసినా ఉన్ని వీపులే. వాటి మధ్యలో అంజిలయ్య కర్ర మీద గడ్డం ఆనించి నిలబడి ఉన్నాడు. హన్మమ్మ భర్త. రోజూ మాట్లాడేదే తక్కువ. ఇంట్లో గొడవ జరిగితే అది కూడా మానేసి మందను తోలుకుని పోతాడు.

"తోలుకపో మామా," అన్నాడు డ్రైవర్ బతిమాలుతున్నట్టుగా.

"ఎట్ల పోను? ఒకటి ఈనేతట్టున్నది. బెదిరిస్తే ఆగమైతది," అన్నాడు అంజిలయ్య.

హన్మమ్మ గుమ్మం దిగి వచ్చి మంద వైపు చూసింది. భర్త వైపు చూసింది.

"నీ ముంగట నిలవడ్డయన్నీ పొట్టేళ్లే. పొట్టేళ్లు ఎప్పటి సంది ఈనుతున్నయ్?"

చేటల వెనక ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. అంజిలయ్య మొహం ఇంచు కూడా మారలేదు. నింపాదిగా బీడీ వెలిగించుకున్నాడు. "ఎన్కలున్నది ఆ గొర్రె. నీకు కానొస్తలేదు," అన్నాడు.

దేవిక మామ వైపు కృతజ్ఞతగా చూసింది. ఆయన ఆమె వైపు చూడలేదు. ఎవరి పక్షమూ కానట్టు సందు చివరకు చూస్తూ పొగ వదిలాడు.

సందు చివర కంపెనీ జీపు ఆగింది.

*

చంద్రకాంత్, నిరోషా గొర్రెలను తప్పుకుంటూ నడిచే వచ్చారు. టెంపోలో బస్తాలు చూసి చంద్రకాంత్ కనుబొమలు లేచాయి. సరుకు ఎక్కడికి పోతోందని అడిగాడు. దేవిక పెదవి కొరుక్కుంది. ఈ గుమ్మంలో ఆమె మాట్లాడటానికి వీల్లేదు. తలుపు దాకా తీసుకురావడమే ఆమె పని. తలుపు లోపల జరిగేది మిల్లుకూ కంపెనీకీ మధ్య.

నిరోషా టెంపో ఎక్కింది. బస్తాలో గుచ్చి గింజ తీసే ఇనుప గొట్టం ఆమె సంచిలో ఉంది. పైన ఉన్న బస్తాను వదిలేసి, అడుగున ఉన్నదాన్ని లాగించి గుచ్చింది. తర్వాత మిల్లు లోపలికి వెళ్లి, ఇంకా సంచికెక్కని కుప్పలోంచి కూడా తీసింది. ఎవరు ఏది చూపించినా దానికి పక్కదే తీసుకుంది.

తెల్ల కాగితం మీద పప్పు పోసి, అరచేత్తో గట్టిగా రుద్దింది. కాగితం ఎండకేసి పట్టుకుంది.

మరక లేదు.

ఇంకో కాగితం, ఇంకో గుప్పెడు. మరక లేదు.

ఆడవాళ్ల మధ్యలోంచి ఒక నిట్టూర్పు వచ్చింది. దేవిక కూడా ఊపిరి వదిలింది. కానీ చంద్రకాంత్ మొహం తేలికపడలేదు. ఇంకా బిగుసుకుంది.

"ఇది నాకు ఇంకా నచ్చలే," అన్నాడు. "శాంపిల్ ఒక తీరు, సరుకు ఒక తీరు. నూనె రాసిన మిల్లునన్న నమ్మొచ్చు, రాయొద్దంటే మానుతది. శాంపిల్ వేరే చేసి పంపేటోళ్లతోని మాత్రం మేము పని చెయ్యం. రేపు శాంపిల్ మంచిగ పంపి, బస్తాలల్ల ముక్కపప్పు పోస్తే?"

అతను అన్నది న్యాయమే. దేవికకు కూడా తెలుసు. ఇలాంటి కారణంతోనే పోయిన ఏడాది ఆమె స్వయంగా ఒక సప్లయర్ పేరు కొట్టేసింది.

"శాంపిల్ ఎవరు కట్టిండ్రు?" చంద్రకాంత్ అందరినీ కలిపి అడిగాడు. "జవాబు రాకపోతే నేను జీపెక్కుత."

జంగప్ప టెంపో తలుపుకు ఆనుకుని ఆసక్తిగా చూస్తున్నాడు. గొర్రెలు కూడా అరవడం మానేసినట్టు అనిపించింది దేవికకు. ఇప్పుడు ఎవరైనా ఒక అబద్ధం చెబితే సరిపోతుంది. సంచి మారిందనో, పాత సంచిలో నూనె మిగిలిందనో. ఆమెకే అలాంటివి నాలుగు తట్టాయి. నోరు నొక్కుకుంది.

"నేనే," అంది హన్మమ్మ.

అందరూ తిరిగారు.

"నేనే కట్టిన. నూనె రాసింది గూడ నేనే. ఆముదం."

నిన్న సాయంత్రం నుంచీ దేవిక వెతుకుతున్న మనిషి, ఆ సంచిని తన చేత్తో టెంపో ఎక్కించిన అత్తగారే.

హన్మమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. తల వంచలేదు. గొంతు కూడా తగ్గించలేదు.

"నాకు ఆడిపిల్ల లేదు సారూ. ఉన్నది కోడలొక్కతే. గీమె కొలువు చేసే తానికి మా చేతి పప్పు మొదటిసారి పోతున్నది. బిడ్డ అత్తగారింటికి పప్పు పంపితే మేము ఆముదం రాసి పంపుతం. పురుగు పట్టది. మెరుస్తది. సంచి ఇప్పినోళ్లు, గీమె ఇంటోళ్లు మంచిగ పంపిండ్రు అనాలె. గట్ల రాసిన. చేటల పోసుకొని గింజ గింజకు అంటేటట్టు రాసిన."

"మరి బస్తాలకు?" అన్నాడు చంద్రకాంత్.

"బస్తాలకెందుకు రాస్త? అది అమ్మేది. ఇది పంపేది."

ఆ మాట ఆమె ఎంత మామూలుగా అందంటే, ఆ తేడా తెలియని మనుషులు ఉంటారని ఆమెకు ఇప్పుడే తెలిసినట్టుంది.

"నిన్న గా కల్తీ అన్న మాట చెవుల పడంగనే నా నోరు పడిపోయింది," అంది, ఈసారి కోడలి వైపు చూసి. "అడిగినవ్. చెప్పలే. తప్పు చేసినందుకు గాదు. నీ పేరు నిలవాల్నని చేసిన పని, నీ పేరు మీదికే వచ్చెనని."

పెళ్లయి ఇన్నేళ్లలో అత్తగారు దేవికను మెచ్చుకున్న సందర్భం ఒక్కటీ లేదు. ఆ సంచిలో ఉన్నదేమిటో ఇప్పుడు తెలిసింది. దాన్నే ల్యాబ్‌లో కాగితం మీద రుద్దారు.

నిరోషా ముందుకు వచ్చింది. వయసులో చిన్నది. ఆమెది నవాబుపేట దగ్గర ఊరు. మాటలో మర్యాద ఉంది, మెత్తదనం లేదు.

"అమ్మా, మీరు ప్రేమతోటి రాసినా, మోసం చేద్దామని రాసినా, కాగితం మీద మరక ఒక్కటే తీరుగ పడతది. ప్యాకెట్ కొన్నోళ్లకు మీరు కనబడరు. నూనె కనబడుతది. ఇగ ముందర ఏ సంచికీ రాయొద్దు. మా ఇంటికి పంపినా సరే."

హన్మమ్మ ఆ అమ్మాయిని పైనుంచి కిందికి చూసింది. 

"మంచిగ జెప్పినవ్. రాయ," అంది. ఆ తర్వాత టెంపో వైపు తిరిగింది. "జంగప్పా, బస్తాలు దించు."

"దించుడుకు హమాలీ..." అని మొదలుపెట్టాడు జంగప్ప.

"దించు."

జంగప్ప చేతులు జోడించాడు. సగం ఎగతాళి, సగం నిజం. ఈ మాటకారితనం తన దుకాణంలో ఉంటే తాండూరు గంజ్ అంతా తనదేనని గొణుక్కుంటూ బస్తా కింద భుజం పెట్టాడు. అంజిలయ్య నాలుకతో టక్కుమని చప్పుడు చేశాడు. సందు నిండా ఉన్న మంద ఒక్కసారిగా దారి ఇచ్చింది. ఈనబోయే గొర్రె ఏదో ఎవరూ అడగలేదు.

*

చంద్రకాంత్ మిల్లంతా తిరిగాడు. కందులు నానే తొట్లు చూశాడు. ఎండబోసే బండలు చూశాడు. సరుకు ఆలస్యమైతే ఎవరికి ఫోన్ చేయాలని అడిగితే, ఆడవాళ్లంతా ఒకేసారి తమ తమ పేర్లు చెప్పారు. అతను నవ్వేశాడు. ఇక్కడికి వచ్చాక అతను నవ్వడం అదే మొదలు.

ట్రయల్ కింద ఒక లోడు తీసుకుంటామని చెప్పాడు. అది సరిగ్గా వస్తే మిల్లు పేరు కంపెనీ లిస్టులోకి ఎక్కుతుంది. ప్యాకెట్ వెనక బంట్వారం మహిళా సంఘం మిల్లు అని అచ్చవుతుంది.

అచ్చులో పేరు ఎంత పెద్దగా ఉంటుందని ఒకావిడ అడిగింది. కళ్లద్దాలు లేకుండా కనబడాలని ఇంకొకావిడ షరతు పెట్టింది. హన్మమ్మ నవ్వలేదు. కానీ ఆమె నిలబడ్డ తీరు మారింది. తలుపుకు ఆనుకోవడం మానేసి, ఆ షెడ్డు మొత్తం తన వీపు వెనక ఉన్నట్టు నిలబడింది.

దేవిక దూరం నుంచి చూస్తూ ఉండిపోయింది. కంపెనీ జీపు వచ్చాక ఆమె ఎవరి తరఫునా ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడకుండా ఇంత గర్వపడటం ఆమెకు కొత్త.

అప్పుడు చంద్రకాంత్ ఫోన్ మోగింది. హైదరాబాద్ హెడ్ ఆఫీసు.

అతను వేపచెట్టు కిందికి నడిచి మాట్లాడాడు. మొదట గలగలా మాట్లాడాడు. తర్వాత వినడమే. తిరిగి వచ్చేసరికి ఫోను జేబులో పెట్టుకోవడం కూడా మరిచిపోయాడు.

"దేవికా, ఒక లెక్క ఉన్నది," అన్నాడు ఇబ్బందిగా. "ట్రయల్ దాకా నువ్వు ముందే చెప్పినది సరిపోతది. లిస్టులకు ఎక్కాలంటే సరిపోదట. సప్లయర్లను తెచ్చే సెక్షన్‌ల ఉన్న మనిషి ఇంటోళ్లు సప్లయర్ మిల్లు నడపొద్దట."

"అంటే?"

"అంటే, ఇటు మీ అత్తమ్మన్న అధ్యక్ష కుర్చీ దిగాలె. లేకుంటే నువ్వన్న వేరే సెక్షన్‌కు మారాలె. సోమవారం పొద్దటికి చెప్పాలె. ఏదీ కాకపోతే మిల్లు పేరు లిస్టుల పడది."

చేటలు మళ్లీ ఆగిపోయాయి.

అందరి కళ్లూ దేవిక మీదికే వచ్చాయి. ఎందుకు వచ్చాయో ఆమెకు తెలుసు. ఇలాంటి చోట తగ్గాల్సింది కోడలే. ఎవరూ నోటితో అనలేదు. అననక్కర్లేదు కూడా.

"నేను దిగ," అంది హన్మమ్మ.

చంద్రకాంత్ ఏదో చెప్పబోయాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"పెండ్లయినప్పటి సంది నన్ను ఎవలూ పేరు పెట్టి పిలవలే సారూ. అంజిలయ్య పెండ్లాం, దశరథ్ తల్లి. గీ కుర్చీల కూసున్నంకనే, నీ పేరేందమ్మా అని అడిగి రాసుకున్నరు. దిగ."

దేవిక అత్తగారినే చూస్తోంది. ఆ ఇంట్లో ఒక ఆడమనిషి బయటివాళ్ల ముందు తనకు కావలసింది తనకు కావాలని చెప్పడం ఆమె వినడం ఇదే మొదటిసారి. కోపం రావాలి. రాలేదు. ఛాతీ నిండుగా ఉంది.

కానీ దేవిక కుర్చీ కూడా ఊరికే రాలేదు. ఇంటర్వ్యూలో గొర్లు కాసేవాళ్ల ఇంటి నుంచి వచ్చావా అని అడిగితే, అవును, రేపు వాళ్లనే సప్లయర్లుగా తెస్తానని చెప్పి సంపాదించిన కుర్చీ అది. కుల్కచర్ల నుంచి, నవాబుపేట నుంచి ఇంకా ఎన్ని సంఘాలు ఆమె ఫోన్ కోసం చూస్తున్నాయో అత్తగారికి తెలియదు.

"అత్తమ్మా," అంది దేవిక. "నేను గూడ నా కుర్చీలకెల్లి లేవ."

ఎవరో చప్పున నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. సందు చివర అంజిలయ్య ఆగిపోయాడు. ఈసారి అడ్డం పెట్టడానికి ఆయన దగ్గర గొర్రెలు లేవు. అవి చెరువు దారి పట్టేశాయి.

హన్మమ్మ కొంగు దోపుకుంది.

"ఇంట్లకు నడువ్," అంది. "బువ్వ తిందాం. తిన్నంక కొట్లాడుదాం. సోమవారం దాకా మస్తు టైమున్నది."

అత్త ముందు నడిచింది. కోడలు వెనక కాదు, పక్కనే నడిచింది. ఇద్దరిలో ఎవరూ తల దించలేదు.